ఇంజన్ ఆపేసి బండి దింపితే నిజంగా పెట్రోలు మిగులుతుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైఓవర్ దిగేటప్పుడు, కొండ మీంచి వచ్చేటప్పుడు, దూరంగా ఎర్ర లైటు కనబడినప్పుడు మనలో చాలామందికి చెయ్యి తాళం మీదికో న్యూట్రల్ మీదికో పోతుంది. పెట్రోలు వంద దాటాక ఈ అలవాటు ఇంకా పెరిగింది. నాకూ ఉండేది. ఎందుకు మానేశానో, దాని బదులు ఏం చేస్తున్నానో, నన్ను తరచూ అడిగే ప్రశ్నలకు జవాబులుగా ఇక్కడ రాస్తున్నాను.

గేర్‌లో దింపడం, న్యూట్రల్‌లో దింపడం, ఇంజన్ ఆపి దింపడం: ఈ మూడింటికీ తేడా ఏమిటి?

గేర్‌లో దింపడమంటే యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, క్లచ్ తొక్కకుండా బండిని వదలడం. అప్పుడు చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. ఆ బరువు వల్ల బండి కాస్త వెనక్కి లాగినట్టు ఉంటుంది. డ్రైవర్లు 'ఇంజన్ పట్టుకుంటోంది' అనేది దీన్నే.

న్యూట్రల్‌లో చక్రాలకూ ఇంజన్‌కూ సంబంధం తెగిపోతుంది. బండి దాని బరువుతో అది జారిపోతుంది, ఇంజన్ పక్కన ఖాళీగా తిరుగుతుంటుంది. క్లచ్ పూర్తిగా తొక్కి పట్టుకున్నా జరిగేది ఇదే. ఇది తెలియక 'నేను న్యూట్రల్ చేయను, క్లచ్ మాత్రమే తొక్కుతాను' అనేవాళ్లు చాలామంది ఉన్నారు.

మూడోది న్యూట్రల్ చేసి, పైగా ఇంజన్ కూడా ఆపేయడం.

గేర్‌లో ఉంటే ఇంజన్ గట్టిగా తిరుగుతూ ఉంటుంది కదా, పెట్రోలు ఎక్కువ తాగదా?

అసలు విషయమంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. తాగదు. చుక్క కూడా తాగదు.

ఇప్పుడు మన రోడ్ల మీదున్న కార్లన్నీ దాదాపుగా ఫ్యూయల్ ఇంజెక్షన్ బళ్లే. ఇంజన్‌కు ఎంత పెట్రోలు పోయాలో చెప్పేది ఒక చిన్న కంప్యూటర్. బండి గేర్‌లో ఉండి, మీ కాలు యాక్సిలరేటర్ మీద లేకపోతే, ఇంజన్‌ను చక్రాలే తిప్పుతున్నాయని దానికి తెలిసిపోతుంది. తిప్పే పని వేరేవాళ్లు చేస్తున్నప్పుడు పెట్రోలు ఎందుకని ఇంజెక్టర్లను పూర్తిగా మూసేస్తుంది. వేగం తగ్గి ఆర్‌పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాదాపు 1200, 1500 కిందికి వచ్చినప్పుడు, ఇక ఇంజన్ ఆగిపోతుందేమోనని మళ్లీ కొద్దిగా పోయడం మొదలుపెడుతుంది. డీజిల్ బళ్లలోనూ ఇంతే.

న్యూట్రల్‌లో ఈ సౌకర్యం లేదు. చక్రాలు తిప్పడం లేదు కాబట్టి ఇంజన్ ఆగిపోకుండా ఉండాలంటే పెట్రోలు పోయాల్సిందే. మామూలు కారు ఊరికే తిరుగుతూ గంటకు అర లీటరు నుంచి ఒక లీటరు దాకా తాగుతుంది. పెట్రోలు మిగులుద్దామని న్యూట్రల్ చేసినవాడు ఖర్చు పెడుతున్నాడు, గేర్‌లో వదిలేసినవాడు మిగులుస్తున్నాడు.

మీ కారు డాష్‌బోర్డులో అప్పటికప్పుడు మైలేజ్ చూపించే మీటరుంటే ఒకసారి చూడండి. కాలు తీసి గేర్‌లో దిగుతుంటే అంకె చివరికంటా, 99 దాకానో అది చూపించగలిగినంతో వెళ్లి నిలబడుతుంది. న్యూట్రల్ చేయగానే కిందికి పడుతుంది. ఎవరితోనూ వాదించాల్సిన పని లేదు.

మరి మా నాన్నగారు జీవితమంతా న్యూట్రల్‌లోనే దింపారే! ఆయనకు తెలియదా?

ఆయన బండికి అది కొంతవరకు నిజం. కంప్యూటర్ లేకుండా గాలిలో పెట్రోలు కలిపే కార్బ్యురేటర్ ఉన్న బండిలో కాలు తీసేసినా కొంత పెట్రోలు లోపలికి పోతూనే ఉండేది. ఇంజన్ ఎంత వేగంగా తిరిగితే అంత లాక్కునేది. గేర్‌లో దిగినప్పుడు ఖర్చు తగ్గేది కానీ ఆగేది కాదు.

టూ స్ట్రోక్ స్కూటర్ల సంగతి ఇంకో రకం. వాటిలో ఇంజన్ ఆయిల్ పెట్రోల్లోనే కలిసి వచ్చేది. పొడుగాటి దిగుడులో యాక్సిలరేటర్ పూర్తిగా మూసి గేర్‌లో దిగితే ఇంజన్ గిరగిరా తిరుగుతుంది, దానికి అందే పెట్రోలు తక్కువ, అందులో కలిసిన ఆయిల్ మరీ తక్కువ. పిస్టన్ పట్టేసే ప్రమాదం ఉండేది. అందుకే పాతకాలం మెకానిక్కులు 'దిగేటప్పుడు క్లచ్ పట్టుకో' అని చెప్పేవాళ్లు. ఆ బళ్లు పోయాయి, సలహా మాత్రం మిగిలిపోయింది. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నియమాలు వచ్చాక బైకులు కూడా దాదాపు అన్నీ ఇంజెక్షన్‌కు మారిపోయాయి.

ఇంజన్ పూర్తిగా ఆపేస్తే న్యూట్రల్‌లో అయ్యే ఆ ఖర్చు కూడా ఉండదు కదా. లెక్క వేసి చెప్పండి, ఎంత మిగులుతుంది?

తిరుమల నుంచి దిగే దారి తీసుకుందాం. 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు ఇప్పుడు దిగడానికి, 1974 నాటి రెండో రోడ్డు ఎక్కడానికి. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు. 40 నిమిషాలకు ముందే కింది గేటు చేరితే వేగంగా వచ్చారని పట్టుకుంటారు కాబట్టి 40 నిమిషాలే అనుకుందాం.

మొత్తం దారి న్యూట్రల్‌లో, ఇంజన్ తిరుగుతుండగా దిగితే, గంటకు 0.7 లీటరు చొప్పున సుమారు 0.47 లీటరు. లీటరు 110 రూపాయలనుకుంటే 52 రూపాయలు. ఇంజన్ ఆపేసి దిగితే ఆ 52 మిగులుతాయి. బాగానే ఉంది. కానీ సెకండ్ గేర్‌లో దిగితే? ఇంజెక్టర్లు చాలావరకు మూసే ఉంటాయి కాబట్టి ఆ 52లో దాదాపు అంతా అక్కడా మిగులుతుంది. మలుపుల దగ్గర మరీ నెమ్మదించినప్పుడు, మధ్యలో సమతలం వచ్చి యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కాస్త ఖర్చవుతుంది, అంతే.

అంటే ఇంజన్ ఆపినందుకు గేర్‌లో దిగినవాడి కంటే మీకు అదనంగా మిగిలేది ఒక టీ డబ్బులు. దానికోసం బ్రేకు, స్టీరింగు, ఇంజన్ పట్టు మూడూ వదులుకున్నట్టు.

సమతలం రోడ్డు మీద మాత్రం న్యూట్రల్‌లో బండి ఎక్కువ దూరం పోతుంది కదా?

పోతుంది. అది ఒప్పుకోవాలి. గేర్‌లో కాలు తీస్తే ఇంజన్ వెనక్కి లాగుతుంది, బండి త్వరగా నెమ్మదిస్తుంది. న్యూట్రల్‌లో ఆ లాగుడు ఉండదు కాబట్టి వేగం చాలాసేపు నిలుస్తుంది. ముందు ఆగాల్సిన పని లేకుండా, చాలా సన్నటి వాలులో, వేగం అలాగే ఉంచుకోవాలనుకుంటే న్యూట్రల్‌దే పైచేయి. ఇంజన్ కూడా ఆపేస్తే ఇంకా పైచేయి. మైలేజ్ పిచ్చి ఉన్నవాళ్లు ఈ పద్ధతి పట్టుకునేది ఇందుకే.

కానీ మన రోడ్డు మీద ముందు ఆగాల్సిన పని లేదని ఎవరు చెప్పగలరు? డివైడర్ సందులోంచి రాంగ్ రూట్‌లో వచ్చే బైకు, హైవే మీద నిలబడ్డ గేదె, లైట్లు లేని ట్రాక్టరు ట్రాలీ. అలాంటప్పుడు బ్రేకు ఒక్కటే సరిపోదు, పక్కకు తప్పుకుని ముందుకు దూకాల్సి వస్తుంది. న్యూట్రల్‌లో ఉన్న బండికి ముందుకు దూకే శక్తి లేదు. గేరు వెతుక్కునే ఆ ఒక్క సెకనులో, గంటకు 80 మీద పోతున్న బండి 22 మీటర్లు వెళ్లిపోతుంది.

ఇంజన్ ఆపితే బ్రేకులు పని చేయవంటారు, నిజమేనా?

వెంటనే పోవు. కార్లలో పవర్ బ్రేకుకు సాయం చేసేది బూస్టర్ అనే డబ్బాలో ఉండే వాక్యూమ్, అంటే గాలి లాగేసిన ఖాళీ. పెట్రోలు కారులో ఆ వాక్యూమ్ ఇంజన్ నుంచి వస్తుంది, డీజిల్‌లో ఇంజన్ తిప్పే పంపు నుంచి వస్తుంది. ఇంజన్ ఆగాక బూస్టర్‌లో మిగిలినది రెండు మూడు సార్లు బ్రేకు తొక్కడానికి సరిపోతుంది. ఆ తర్వాత పెడల్ రాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు ఉంటుంది కానీ శక్తి అంతా మీ కాలిదే. సగటు మనిషి అంత గట్టిగా తొక్కాలని అప్పటికప్పుడు తోచదు, 'బ్రేకులు ఫెయిలయ్యాయి' అని అరుస్తాడు.

ఘాట్‌లో ఒక్కో మలుపుకూ బ్రేకు తొక్కాలి. రెండు మూడు తొక్కులు ఎన్ని మలుపులకు వస్తాయో మీరే చూసుకోండి.

ఇంకొక సంగతి ఎవరూ గుర్తు పెట్టుకోరు. తాళం ఆఫ్ చేస్తే, గట్టిగా బ్రేకేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ పని చేయదు, ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటాయని నమ్మకం లేదు. వాటికోసం డబ్బులిచ్చి కొన్న కారు అది.

స్టీరింగ్ లాక్ అయిపోతుందా?

తాళం ఒక్క మెట్టు వెనక్కి తిప్పి ఆపితే లాక్ కాదు, బరువెక్కుతుంది. హైడ్రాలిక్ పవర్ స్టీరింగ్‌కు పంపు ఇంజన్‌తోనే తిరుగుతుంది. ఎలక్ట్రిక్ స్టీరింగ్‌కు ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. నిదానంగా పోతున్నప్పుడు ఈ బరువు మరీ ఎక్కువ తెలుస్తుంది, ఘాట్ మలుపుల్లో మీరు వెళ్లేదీ నిదానంగానే. అసలు భయం తాళాన్ని కంగారులో చివరి మెట్టు దాకా తిప్పేయడం, లేదా తీసేయడం. అప్పుడు మాత్రం స్టీరింగ్ నిజంగానే బిగుసుకుపోతుంది.

ఘాట్ దిగుతుంటే కాలిన వాసన వస్తుంది. ఎందుకు?

బ్రేకు ప్యాడ్లు. న్యూట్రల్‌లో దిగినవాళ్లకు ఈ వాసన ఎక్కువ వస్తుంది, కారణం చాలా సులువు. తిరుమలకూ తిరుపతికీ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. మనుషులతో కలిపి 1400 కిలోల కారు అంత ఎత్తు దిగితే, గాలి, టైర్లు మింగేది పోను, మిగతా శక్తంతా వేడిగా ఎక్కడో ఒకచోటికి పోవాలి. ఆ మొత్తం శక్తితో దాదాపు 30 లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. గేర్‌లో దిగితే ఆ వేడిలో పెద్ద భాగం ఇంజన్ మింగేస్తుంది. న్యూట్రల్‌లో అంతా నాలుగు చక్రాల దగ్గరున్న ఇనప ముక్కల మీదే పడుతుంది.

బాగా కాగిన ప్యాడ్లు పట్టు తప్పుతాయి. అంతకంటే ఘోరం బ్రేకు ఆయిల్ మరగడం. డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే 205 డిగ్రీల దాకా మరగదు, కానీ గాలిలో తేమ పీల్చుకున్నాక 140కే మరుగుతుంది. డాట్ 4కి ఆ అంకెలు 230, 155. మరిగితే లోపల బుడగలు వస్తాయి, పెడల్ నేలదాకా దిగిపోతుంది, బండి ఆగదు. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్చమని అనేది ఇందుకు. వాసన వచ్చిందంటే ఎక్కడో వెడల్పు చోటు చూసి ఆపి, పావుగంట కూర్చోండి. నీళ్లు మాత్రం పోయకండి, డిస్కు వంకర పోతుంది.

ఏ గేర్‌లో దిగాలి?

'ఏ గేర్‌లో ఎక్కావో ఆ గేర్‌లోనే దిగు' అని పాత డ్రైవర్ల మాట. ఇప్పటికీ పనికొస్తుంది. అనంతగిరి మీదుగా అరకు దారిలో, మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు, శ్రీశైలం ఘాట్‌లో సెకండ్, అప్పుడప్పుడు థర్డ్. మరీ నిటారుగా ఉంటే ఫస్ట్.

గేరు దిగుడు మొదలవకముందే వేసుకోవాలి. వేగం పెరిగాక కింది గేరు వేయడం కష్టం. బ్రేకును అస్తమానం సన్నగా తొక్కి పట్టుకోవద్దు. కాసేపు గట్టిగా తొక్కి వేగం బాగా తగ్గించి, పూర్తిగా వదిలేయండి. మళ్లీ వేగం పెరిగితే మళ్లీ తొక్కండి. మధ్యలో వదిలిన ఆ సమయంలోనే బ్రేకు చల్లారుతుంది. ఆర్‌పీఎం మూడు వేలు చూపిస్తోందని కంగారు పడకండి, ఎర్ర గీత దాటనంతవరకు ఇంజన్‌కు ఏమీ కాదు. శబ్దం ఎక్కువగా ఉంటుంది, అంతే. పక్క సీట్లో కూర్చున్నవాళ్లు 'గేరు మార్చవేంట్రా' అంటారు, పట్టించుకోకండి.

ఆటోమేటిక్ కార్ల సంగతి?

పాత పద్ధతి టార్క్ కన్వర్టర్ గేర్‌బాక్సుల్లో నూనెను తిప్పే పంపు ఇంజన్‌తోనే నడుస్తుంది. ఇంజన్ ఆపి బండిని దొర్లిస్తే గేర్‌బాక్సు నూనె లేకుండా తిరుగుతుంది. మిగిలిన పెట్రోలు డబ్బు ఆ గేర్‌బాక్సు బిల్లుకు వడ్డీ కూడా కాదు. ఏఎంటీ (మామూలు గేర్లనే కంప్యూటర్ మార్చేది) అయితే మాన్యువల్ మోడ్‌లోకి వెళ్లి సెకండ్‌లో ఉంచండి. సీవీటీ (విడి గేర్లకు బదులు బెల్టుతో నడిచేది) అయితే ఎల్ అనో ఎస్ అనో బి అనో ఉన్న చోట పెట్టండి.

బైకు మీద ఇంజన్ ఆపి దిగితే ఏమవుతుంది? పవర్ బ్రేకులు, పవర్ స్టీరింగు లేవు కదా.

నేను చెప్పగలిగేది నా అనుభవం. చాలా ఏళ్ల కిందట నా పాత స్కూటరు మీద సింహాచలం కొండ దిగుతూ పొద్దుపోయాక ఇంజన్ ఆపేశాను. ఆ బండికి హెడ్‌లైటు ఇంజన్ తిరిగితేనే వెలిగేది. ఆపగానే దారి మొత్తం చీకటి. హడావిడిగా మళ్లీ స్టార్ట్ చేయబోయి బ్రేకు వదిలేశాను. ఎదురుగా మలుపు. గోడకు ఒక జానెడు దూరంలో ఆగింది. ఆ రోజు మిగిలిన పెట్రోలు ఎంతో నాకు తెలియదు, కాళ్లు వణకడం ఆగేదాకా అక్కడే కూర్చున్నది మాత్రం గుర్తుంది.

2017 ఏప్రిల్ నుంచి కొత్త టూవీలర్లకు హెడ్‌లైటు ఎప్పుడూ వెలిగే ఉండాలన్న నియమం వచ్చింది. వాటిలో చాలావాటికి ఇంజన్ ఆపితే లైటు ఆరుతుంది. తాళం తీసేస్తే ఏబీఎస్ కూడా పోతుంది. గేర్లున్న బైకు అయితే గేర్‌లోనే దిగండి, క్లచ్ వదిలేయండి.

గేర్లు లేని స్కూటర్లతో ఒక చిక్కుంది. వేగం బాగా తగ్గగానే వాటి క్లచ్ దానంతట అదే విడిపోతుంది. అంటే మీరు ఏమీ చేయకపోయినా అది న్యూట్రల్‌లో ఉన్నట్టే, బ్రేకే దిక్కు. వాటి మీద ఇద్దరు ముగ్గురు ఎక్కి పొడుగాటి ఘాట్ దిగడం తప్పనిసరైతే మధ్యమధ్యలో ఆపి బ్రేకులు చల్లారనివ్వండి.

లారీ డ్రైవర్లు న్యూట్రల్ కొట్టి దింపుతారు కదా, వాళ్లకంటే మనకు ఎక్కువ తెలుసా?

అందరూ కొట్టరు. కొట్టేవాళ్లలో కొందరు రెండోసారి కొట్టడానికి ఉండరు.

లారీకి, బస్సుకు ఉండేది ఎయిర్ బ్రేకు. గాలి నింపే కంప్రెసర్ ఇంజన్‌తోనే నడుస్తుంది. ఇంజన్ ఆపాక తొక్కిన ప్రతిసారీ ట్యాంకులో గాలి తగ్గుతుంది, నింపేవాడు లేడు. ఇంజన్ ఆపకుండా న్యూట్రల్ మాత్రమే కొట్టినా ఆపద వేరే వైపు నుంచి వస్తుంది. లోడు బండి వేగం అందుకున్నాక గేరు మళ్లీ పడదు. ఇంజన్ ఆర్‌పీఎం ఎక్కడో, చక్రాల వేగం ఎక్కడో. లివర్‌తో కుస్తీ పడుతుంటే పళ్లు కొట్టుకున్న శబ్దమే కానీ గేరు దొరకదు. ఇక మిగిలింది బ్రేకు ఒక్కటి, అది అప్పటికే కాగి ఉంటుంది. ఘాట్‌లో లోడు లారీ లోయలో పడిందని వార్త వస్తే చాలాసార్లు వెనక ఉండే కథ ఇదే.

ఎగ్జాస్ట్ బ్రేకు (పొగ దారి మూసి ఇంజన్‌తోనే వేగం తగ్గించేది) ఉన్న బళ్లలో దాన్ని వాడాలంటే కూడా గేర్‌లోనే ఉండాలి. ఆర్టీసీ డిపోల్లో లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్న లెక్కను కేఎంపీఎల్ అంటారు, డ్రైవర్ల మధ్య అది పెద్ద చర్చ. మంచి కేఎంపీఎల్ తెచ్చే డ్రైవరు బస్సెక్కి చూడండి. యాక్సిలరేటర్ మీద కాలు దూదిలా పెడతాడు, స్టాపు రాకముందే తీసేస్తాడు.

పెట్రోలు ఇంజన్‌తో పాటు కరెంటు మోటారూ ఉన్న హైబ్రిడ్ కార్లు నడుస్తూ నడుస్తూనే ఇంజన్ ఆపేస్తాయి. అవి చేస్తే తప్పు లేదా?

లేదు, ఎందుకంటే వాటిని అలా చేయడానికే కట్టారు. ఇంజన్ ఆగినా బ్రేకుకు, స్టీరింగుకు, ఏసీకి కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. పైగా కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి బ్యాటరీ నింపుతుంది. ఇంజన్ ఆపి జారే పద్ధతికి ఇది అసలైన రూపం. హైబ్రిడ్‌లో, ఎలక్ట్రిక్ కారులో దిగుడులో మీరు ఎన్‌లో (న్యూట్రల్‌లో) పెడితే ఆ బ్యాటరీ నిండడం ఆగిపోతుంది. ఊరికే వచ్చే కరెంటును కాలదన్నుకున్నట్టు.

హైపర్‌మైలింగ్ అంటే ఏమిటి? అమెరికాలో ఇదొక ఆట అంటారు.

మైలేజ్‌ను ఆఖరి చుక్క దాకా పిండడం. 2004 ప్రాంతంలో వేన్ గెర్డెస్ అనే అమెరికన్ పెట్టిన పేరు. పెట్రోలు ధరలు పెరిగిన 2008లో న్యూ ఆక్స్‌ఫర్డ్ అమెరికన్ నిఘంటువు దాన్ని ఆ ఏటి మాటగా ఎంచుకుంది. కొంత వేగం అందుకుని, తర్వాత ఇంజన్‌ను వదిలేసి జారి, మళ్లీ వేగం అందుకోవడం అందులో ఒక పద్ధతి. పెద్ద బండి వెనకే అంటుకుని పోయి గాలి తప్పించుకోవడం ఇంకోటి.

మొదటిదాన్ని న్యూట్రల్ లేకుండా, గేర్‌లోనే మెత్తగా చేసుకోవచ్చు. రెండోది మాత్రం వద్దే వద్దు. లారీ చాటున గాలి అడ్డు తగ్గాలంటే ఎంత దగ్గరగా వెళ్లాలో చూడండి. 80 వేగంలో మూడు సెకన్ల దూరమంటే 66 మీటర్లు. ఆ దూరంలో మీకు మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, ఇంకా దగ్గరికి వెళితే లారీ బ్రేకు లైట్లు వెలగకపోవచ్చన్న సంగతి గుర్తు పెట్టుకోవాలి. మన లారీల్లో చాలావాటికి అవి మట్టి కిందే ఉంటాయి.

న్యూట్రల్‌లో దింపడం చట్టప్రకారం తప్పా?

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు సూటిగా తప్పే. అక్కడి వాహన చట్టంలో 21710 సెక్షన్ వాలులో గేరు న్యూట్రల్‌లో పెట్టి జారకూడదని చెబుతుంది. బ్రిటన్ హైవే కోడ్‌లో 122వ నియమం న్యూట్రల్‌లో కానీ, క్లచ్ తొక్కి పట్టి కానీ జారితే బండి మీద పట్టు తగ్గుతుందని హెచ్చరిస్తుంది. మన దగ్గర ప్రమాదకరంగా నడిపితే మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ఉంది. ఇంజన్ ఆపి దిగుతూ ఎవరినైనా గుద్దితే మీ తరఫున చెప్పుకోవడానికి ఏం మిగులుతుందో ఒకసారి ఊహించుకోండి.

మరి ఇంజన్ ఎక్కడ ఆపాలి?

బండి ఆగి ఉన్నప్పుడు. సిగ్నల్ దగ్గర, రైల్వే గేటు దగ్గర, స్కూలు బయట పిల్లల కోసం ఎదురుచూసేటప్పుడు. కేంద్ర ప్రభుత్వ పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ 1978లో పుట్టినప్పటి నుంచి చెబుతున్న మాటల్లో ఇదొకటి. ఇంజెక్షన్ బండిని మళ్లీ స్టార్ట్ చేయడానికి అయ్యే పెట్రోలు దాదాపు పది సెకన్లు ఊరికే తిరగడానికి అయ్యేంతే. అర నిమిషం దాటి ఆగేలా ఉంటే నేను నిశ్చింతగా ఆపేస్తాను. బంజారాహిల్స్‌లో ఒక్కో సిగ్నల్ దగ్గర నిలబడే సమయం చూస్తే రోజుకు పది పదిహేను నిమిషాలు సులువుగా వస్తుంది. ఘాట్‌లో చావుకు ఎదురెళ్లి మిగిల్చే దానికంటే ఇదే ఎక్కువ.

ఒక మినహాయింపు. టర్బో (ఇంజన్‌లోకి గాలిని బలంగా నెట్టే పరికరం) ఉన్న బండిని హైవే మీద గట్టిగా తోలి వచ్చి ధాబా దగ్గర ఆపగానే తాళం తీసేయకండి, ఒక నిమిషం తిరగనివ్వండి. పొదుపు కంటే టర్బో ఖరీదు.

ప్రమాదం లేకుండా మైలేజ్ పెరగాలంటే ఏం సాధన చేయాలి?

చూపు దూరంగా వేయడం. వినడానికి ఇంత చిన్న మాటా అనిపిస్తుంది కానీ మిగతావన్నీ దీంట్లోంచే వస్తాయి. ముందు బండి వెనక చూస్తూ నడిపేవాడు అది బ్రేకేస్తే తనూ బ్రేకేస్తాడు. నాలుగు బళ్ల అవతల చూసేవాడు 200 మీటర్ల ముందే కాలు తీస్తాడు, గేర్‌లో చుక్క పెట్రోలు లేకుండా జారుతూ వెళ్తాడు, చాలాసార్లు ఆగకుండానే సిగ్నల్ పచ్చగా మారాక దాటుతాడు. ఆగి కదలడమే పెట్రోలుకు అసలు శత్రువు.

నేను వారం రోజులు ఒకే దారిలో, ఇల్లు నుంచి ఆఫీసుకు, ఎన్నిసార్లు బ్రేకు తొక్కానో లెక్కపెట్టుకున్నాను. మొదటి రోజు లెక్క తప్పేంత ఎక్కువ. వారం చివరికి సగానికి వచ్చింది, టైము మాత్రం రెండు మూడు నిమిషాలు కూడా మారలేదు. మీరూ ఆడి చూడండి, కానీ రద్దీ లేని వేళ మొదలుపెట్టండి, వెనక ఉన్నవాణ్ణి అద్దంలో చూసుకోండి. మీరు కాలు తీస్తే బ్రేకు లైటు వెలగదు, బండి మాత్రం నెమ్మదిస్తుంది. వెనకవాడు దగ్గరగా ఉంటే పెడల్‌ను సన్నగా తాకి లైటు చూపించండి.

హైవే మీద వేగమే మొత్తం కథ. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. 80 బదులు 100లో పోతే అది ఒకటిన్నర రెట్లు దాటుతుంది, 120లో రెండుంపావు రెట్లు. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీద 80లో ఎడమ లేన్ పట్టుకుని వెళ్లడమే నాకు తెలిసిన అతి పెద్ద మైలేజ్ చిట్కా. హారన్లు వినాల్సి వస్తుంది.

టైర్లు, ఏసీ, డిక్కీలో సామాను?

టైర్లలో గాలి డ్రైవరు తలుపు దగ్గర అంటించిన కాగితం మీద ఉన్నంత, వారం పది రోజులకోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు. మైలేజ్ కోసం అంతకంటే ఐదారు పీఎస్ఐ ఎక్కువ కొట్టించేవాళ్లున్నారు. తడి రోడ్డు మీద వాళ్ల బండి ఎంత దూరంలో ఆగుతుందో వాళ్లే చెప్పాలి. ఊళ్లో నెమ్మదిగా తిరిగేటప్పుడు కిటికీలు దించినా పరవాలేదు, హైవే మీద కిటికీలు మూసి ఏసీ వేసుకోవడమే నయం. డిక్కీలో నెలల తరబడి తిరుగుతున్న బియ్యం బస్తా దించేయండి. పైన కట్టిన ఖాళీ క్యారియర్ కూడా.

నా బండి అసలు మైలేజ్ ఎలా తెలుసుకోవాలి?

మీటరు చూపించేది కొంత పొగడ్త కలిపి ఉంటుంది. ఒక బంకులో పంపు దానంతట అది ఆగేదాకా పోయించండి, కిలోమీటర్లు రాసుకోండి. కనీసం 300, 400 తిరిగాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ అలాగే ఆగేదాకా. ఆ తర్వాత 'కొంచెం రౌండ్ ఫిగర్ చేయమంటారా' అంటే వద్దనండి, లెక్క పాడవుతుంది. కిలోమీటర్లను రెండోసారి పోసిన లీటర్లతో భాగించండి. ఒక్క సారి లెక్క నమ్మకండి, మూడు సార్లు చూడండి.

నడుస్తుండగా ఇంజన్ దానంతట అదే ఆగిపోతే?

ఇది మంచి ప్రశ్న, ఇంజన్ ఆపి జారడం ఎవరైనా సాధన చేయాల్సిందంటే దీనికోసమే చేయాలి. ఆదివారం పొద్దున్నే ఎవరూ లేని పెద్ద మైదానమో, ఖాళీ లేఅవుటో చూసుకోండి. పక్కన నడపడం వచ్చిన మనిషి ఉండాలి. 20 వేగంలో న్యూట్రల్ చేసి, తాళాన్ని ఒక్క మెట్టు మాత్రమే వెనక్కి తిప్పి ఇంజన్ ఆపండి, తాళం తీయకూడదు. స్టీరింగ్ ఎంత బరువెక్కిందో చూడండి. బ్రేకు ఒకసారి తొక్కి వదలండి, రెండోసారి, మూడోసారి. పెడల్ బిగుసుకున్నాక రెండు కాళ్లతోనైనా తొక్కి బండిని ఆపండి. ఆగుతుందని మీ కాలికి తెలియాలి. మెల్లగా లాగిన హ్యాండ్ బ్రేకుతో ఎంత దూరంలో ఆగుతుందో కూడా చూసుకోండి. బటన్ స్టార్ట్ కార్లలో, ఆటోమేటిక్‌లలో ఈ పరీక్ష వద్దు, కారుతో ఇచ్చిన పుస్తకంలో అత్యవసరంగా ఇంజన్ ఆపే పద్ధతి చదివి పెట్టుకోండి.

నిజంగా రోడ్డు మీద ఆగిపోయినప్పుడు బ్రేకును మాటిమాటికీ తొక్కి వదలొద్దు, మిగిలిన వాక్యూమ్ అంతా అలాగే అయిపోతుంది. ఒకేసారి గట్టిగా తొక్కి పట్టుకుని, హజార్డ్ లైట్లు వేసి, ఎడమ పక్కకు తీసుకెళ్లండి. గేర్‌లో ఉన్న బండిని క్లచ్ వదిలి కుదుపుతో స్టార్ట్ చేయడం పదే పదే చేయకండి, కాలని పెట్రోలు పొగ గొట్టంలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను పాడు చేస్తుంది. దిగి, త్రిభుజం బోర్డు వెనక పెట్టి, మనుషుల్ని బండిలోంచి దించి రోడ్డు పక్కకు పంపించాకే బానెట్ ఎత్తండి.